అడవి కాపలాకు మేర ఎవరిస్తారు?



కోస్టారికా దేశంలో ఎవరైనా బండి ఆపి పెట్రోలు పోయించుకుంటే, ప్రభుత్వం దాని మీద వసూలు చేసే పన్నులో నూటికి మూడున్నర వంతు అడవుల నిధికి చేరుతుంది. ఆ నిధి నుంచి దేశంలోని చిన్నా పెద్దా భూయజమానులకు ఏటా డబ్బు అందుతుంది. అందుకోసం వాళ్లు ఏ పంటా అమ్మనక్కర్లేదు, ఏ కలపా కొట్టనక్కర్లేదు. తమ పట్టా భూమిలో ఉన్న అడవి మీద గొడ్డలి పడకుండా, నిప్పు పడకుండా, పశువులు చొరబడకుండా కాచినందుకు ఇచ్చే సొమ్ము అది. 1997లో మొదలైన ఈ ఏర్పాటు ప్రభుత్వాలు ఎన్ని మారినా దాదాపు మూడు దశాబ్దాలుగా నడుస్తోంది.

తన సొంత భూమిలో చెట్లు నరకనందుకు ఒక రైతుకు డబ్బెందుకు ఇవ్వాలి? ఇస్తే ఎవరివ్వాలి? ఎంత ఇవ్వాలి? ఇచ్చాక అడవి నిజంగా మిగులుతుందా? వాతావరణ మార్పు గురించి మాట్లాడే ప్రతి సభలోనూ ఈ నాలుగు ప్రశ్నలూ వస్తున్నాయి. ఎండిన చెట్టు బరువులో దాదాపు సగం కర్బనమే. అడవిని కొట్టి తగలబెడితే ఆ కర్బనం గాలిలో కలుస్తుంది. మనుషుల పనుల వల్ల ఏటా ఆకాశానికి ఎక్కే కార్బన్ డయాక్సైడ్‌లో ఇంచుమించు పదో వంతు అడవుల నరికివేత నుంచే వస్తోంది. పైగా, నిలబడి ఉన్న అడవి మనం వదిలిన వాయువును కొంత తిరిగి పీల్చుకుంటుంది. అందువల్ల అడవి పోతే నష్టం రెండు వైపులా ఉంటుంది.

కోస్టారికా మధ్య అమెరికాలో నికరాగ్వాకూ పనామాకూ నడుమ ఉన్న చిన్న దేశం. విస్తీర్ణంలో ఆంధ్రప్రదేశ్‌లో మూడో వంతుకు కాస్త తక్కువ. జనాభా దాదాపు 50 లక్షలు. 1948లో సైన్యాన్నే రద్దు చేసుకున్న దేశంగా దానికి పేరుంది. 1940ల నాటికి ఆ నేలలో మూడు వంతుల భాగం అడవే. 1980ల చివరికి అది ఐదో వంతుకు పడిపోయిందని లెక్కలు చెబుతున్నాయి. అంటే, నలభై ఏళ్లలో, ఒక మనిషి యవ్వనం నుంచి ముసలితనానికి వచ్చేలోపు, ఒక దేశం తన అడవిలో చాలా భాగాన్ని పోగొట్టుకుంది.

ఇందులో రైతుల తప్పుకంటే ప్రభుత్వ విధానాల పాత్రే ఎక్కువ. అమెరికాకు గొడ్డు మాంసం ఎగుమతి చేస్తే విదేశీ మారకం వస్తుందని 1960లు, 70లలో పశువుల పెంపకానికి బ్యాంకులు తక్కువ వడ్డీకి అప్పులిచ్చాయి. పచ్చిక మైదానం కావాలంటే అడవి పోవాలి. భూమి హక్కుల చట్టాలు కూడా అదే దారిలో నడిచాయి. చెట్లు కొట్టి నేలను చదును చేసినవాడు భూమిని బాగుచేసినట్టు లెక్క. అలా బాగుచేసినవాడికి హక్కు దక్కేది. అడవిని అలాగే ఉంచిన మనిషి ఏమీ చేయని సోమరి కింద జమ. చట్టమూ, బ్యాంకూ, బజారూ మూడూ కలిసి ఒక రైతును గొడ్డలి పట్టమంటుంటే అతను పట్టకుండా ఎలా ఉంటాడు?

ఆ రైతు లెక్క చూస్తే విషయం తేటపడుతుంది. పది హెక్టార్ల అడవి ఉన్న కుటుంబానికి దాని నుంచి వచ్చేది వంటచెరకు, కాసిని పళ్లు, అప్పుడో చెట్టు ఇప్పుడో చెట్టు. అదే భూమిని పచ్చిక చేస్తే పశువులు, పాలు, మాంసం. కాఫీ తోట వేస్తే ఏటా పంట. కానీ ఆ అడవి వల్ల లాభపడేవాళ్లు వేరే ఉన్నారు. కొండ కింద పట్నంలో కుళాయి తిప్పేవాళ్లకు నీళ్లు వస్తున్నాయి. జలాశయంలో పూడిక తగ్గితే విద్యుత్ కేంద్రానికి లాభం. పక్షులను చూడటానికి వచ్చే పర్యాటకుల వల్ల హోటళ్లకు వ్యాపారం. కర్బనం నేలలోనూ మానుల్లోనూ ఉండిపోయినందువల్ల ప్రపంచమంతటికీ మేలు. ఇంతమందికి మేలు చేసే అడవిని కాసే కుటుంబానికి మాత్రం ఏ వైపు నుంచీ పైసా రాదు.

తెలుగు పల్లెల్లో పాతకాలం చెరువులు నడిచిన తీరు గుర్తున్నవారికి ఇందులో ఏం లోపించిందో వెంటనే తెలుస్తుంది. చెరువు తూములు తీసి మూసేవాడు, కట్ట మీద గండ్లు కనిపెట్టేవాడు, మడి మడికీ నీళ్లు పారించేవాడు నీరటి. అతనికి ఆయకట్టు రైతులంతా కళ్లాల దగ్గర ధాన్యం కొలిచి మేర ఇచ్చేవారు. నీళ్లు వాడుకున్నవాళ్లు నీళ్లు కాచినవాడిని పోషించడం అక్కడి కట్టుబాటు. ఆ మేరను ఎవరూ దానం అనుకోలేదు, లంచమూ అనుకోలేదు. కోస్టారికా చేసిన పని ఇదే పద్ధతిని అడవికి, దేశం మొత్తానికి వర్తింపజేయడం.

1996లో ఆ దేశం 7575 నంబరు అటవీ చట్టాన్ని తెచ్చింది. అప్పుడు అధ్యక్షుడు హోసే మరియా ఫిగేరెస్. ఆ చట్టం రెండు పనులు ఒకేసారి చేసింది. మొదటిది, ఉన్న అడవిని నరికి వేరే అవసరానికి భూమిని మార్చడాన్ని నిషేధించింది. రెండోది, అడవి చేసే నాలుగు సేవలకు చట్టంలోనే చోటిచ్చింది. గాలిలోని కర్బనాన్ని పట్టి ఉంచడం, నీటిని కాపాడటం, జీవవైవిధ్యాన్ని నిలపడం, ప్రకృతి సౌందర్యం. ఈ సేవలకు భూయజమానికి చెల్లించవచ్చని రాసింది. చెల్లింపులు చూసుకోవడానికి జాతీయ అటవీ నిధి సంస్థ ఉంది. స్పానిష్ పేరులోని పొడి అక్షరాలతో దాన్ని ఫోనాఫిఫో అంటారు. నిషేధం ఒక్కటే ఉంటే రైతు తిరగబడేవాడు, లేదా రాత్రిపూట రంపం పట్టేవాడు. డబ్బు ఒక్కటే ఉంటే బేరం పెరుగుతూ పోయేది. ఈ రెంటినీ జోడించడంలోనే ఆ చట్టం తెలివి ఉంది.

ఒప్పందం జరిగే తీరు తెలుసుకోదగ్గది. రైతు భూమి కాగితాలతో దరఖాస్తు చేస్తాడు. అటవీ ఇంజనీరు వచ్చి సరిహద్దులు, అడవి రకం, నీటి ఊటలు చూసి ప్రణాళిక రాస్తాడు. సంతకాలయ్యాక మంటలు రాకుండా చూడటం, వేట ఆపడం, పశువులను రానీయకపోవడం రైతు బాధ్యత. మధ్యమధ్యలో తనిఖీ ఉంటుంది. షరతు తప్పితే చెల్లింపు ఆగుతుంది. అడవిని కాపాడే ఒప్పందానికి చాలాకాలం ఇచ్చిన రేటు హెక్టారుకు ఏటా 64 డాలర్ల దరిదాపు. ఇప్పటి మారకం ధరలో ఎకరానికి రెండు వేల రూపాయల పైచిలుకు. కొత్తగా మొక్కలు నాటే ఒప్పందాలకూ, పొలం గట్ల మీద, కాఫీ తోటల్లో చెట్లు పెంచే ఒప్పందాలకూ రేట్లు వేరు. చిన్న రైతు ఒక్కడే ఇంజనీరు ఫీజు, కాగితాల ఖర్చు భరించలేడు. అందుకే సరపికి ప్రాంతంలో ఫుందెకోర్ లాంటి సంస్థలు చాలామంది రైతులను కలిపి, ఆ పని తామే చేసిపెడుతూ వచ్చాయి.

ఇక డబ్బు మాట. నిధికి వెన్నెముక ఇంధన పన్ను. 2001 నుంచి ఆ పన్నులో మూడున్నర శాతం చట్టప్రకారం అడవులకు కేటాయించారు. పొగ వదిలే బండి నుంచి వచ్చిన సొమ్ము ఆ పొగను పీల్చే చెట్టును కాచేవాడికి చేరుతోంది. దాతల దయ మీద, ఏటేటా బడ్జెట్ చర్చల మీద ఆధారపడకుండా ఏర్పాటు ఇన్నేళ్లు నిలిచిందంటే ఈ శాశ్వత ఆదాయమే ప్రధాన కారణం.

నీటి వాడకందారులూ ఇందులో చేరారు. రాజధాని సాన్ హోసేకు దగ్గరలోని ఎరేదియా పట్టణంలో నీటి సరఫరా సంస్థ 2000 సంవత్సరంలో నీటి బిల్లులో చిన్న మొత్తం కలిపింది. ఆ మొత్తాన్ని ఎగువ కొండల మీద అడవి ఉన్న రైతులకు పంపింది. పట్నవాసి బిల్లు కట్టేటప్పుడు తన నీళ్లు ఏ కొండ నుంచి వస్తున్నాయో తెలిసిపోతుంది. తర్వాత దేశమంతటా నీటి వాడకంపై వేసే రుసుములో కొంత వాటాను ఈ చెల్లింపులకు మళ్లించారు. ప్రైవేటు జలవిద్యుత్ కంపెనీలు కొన్ని తమ నదుల ఎగువ భూములకు సొంతంగా చెల్లించాయి. ఆ దేశానికి కరెంటు ఎక్కువగా నీటి నుంచే వస్తుంది కాబట్టి వాళ్లకు ఇది ముందుచూపుతో పెట్టిన పెట్టుబడి.

దేశం బయటి నుంచీ డబ్బు వచ్చింది. 1997లోనే నార్వే 20 లక్షల డాలర్లు ఇచ్చి రెండు లక్షల టన్నుల కర్బనానికి లెక్క కట్టించుకుంది. 2000లో ప్రపంచ బ్యాంకు అప్పు, దానికి తోడు ప్రపంచ పర్యావరణ నిధి గ్రాంటు అందాయి. 2020లో హరిత వాతావరణ నిధి, అడవుల ద్వారా అప్పటికే తగ్గించిన ఉద్గారాలకు ప్రతిఫలంగా 5 కోట్ల 40 లక్షల డాలర్లు మంజూరు చేసింది. చేసి చూపించాక చెల్లించడమనే ఈ పద్ధతికి కోస్టారికా ముందే సిద్ధంగా ఉంది. లెక్కలు, పటాలు, ఒప్పందాలు అన్నీ దాని దగ్గర ఉన్నాయి.

ఇప్పుడు ఆ దేశంలో సగానికి పైగా నేల మళ్లీ అడవి కింద ఉంది. 1997 నుంచి పది లక్షలకు పైగా హెక్టార్లు ఏదో ఒక కాలంలో ఈ ఒప్పందాల కిందికి వచ్చాయి. 2019లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం ఆ దేశానికి తన అత్యున్నత పురస్కారం ఇచ్చింది. 2021లో మొదటిసారి ఇచ్చిన ఎర్త్‌షాట్ బహుమతుల్లోనూ ప్రకృతి పరిరక్షణ విభాగం బహుమతి కోస్టారికాకే దక్కింది.

అయితే ఈ అడవంతా చెల్లింపుల వల్లే తిరిగి వచ్చిందా? ఆర్థికవేత్తలు ఈ ప్రశ్నను వదిలిపెట్టలేదు, వదలకూడదు కూడా. అలెగ్జాండర్ ఫాఫ్, హువాన్ రొబలీనో, అర్తూరో సాంచెజ్ అసొఫైఫా అనే పరిశోధకులు తొలి ఏళ్ల ఒప్పందాలను పరిశీలించారు. ఒప్పందం కింద ఉన్న భూమిలో, డబ్బు ఇవ్వకపోయి ఉంటే ఏటా నరికివేతకు గురయ్యేది నూటికి ఒక వంతు కూడా ఉండదని తేల్చారు. కారణాలు కనబడుతూనే ఉన్నాయి. అప్పటికే మాంసం ధరలు పడిపోయాయి. పశువుల పెంపకానికి ఇచ్చే చౌక అప్పులు ఆగిపోయాయి. పర్యాటకం పెరిగింది. నరికివేతపై నిషేధం వచ్చింది. దరఖాస్తు చేసినవారి భూముల్లో చాలా మటుకు ఏటవాలు కొండలు, దారి లేని లోయలు. అక్కడ ఎలాగూ ఎవరూ సాగు చేయరు. అంటే, కొట్టే ఉద్దేశమే లేని చెట్టుకు కాపలా కూలి ఇచ్చినట్టయింది. మరోవైపు, సరపికి ప్రాంతంలో పొలం పొలంగా చేసిన ఇంకో అధ్యయనంలో ఒప్పందం ఉన్న కమతాల్లో అడవి నిజంగానే పెరిగిందని తేలింది. చోటును బట్టి ఫలితం మారిందన్నమాట.

ఈ విమర్శను కోస్టారికా చెవిన పెట్టింది. ముందొచ్చినవారికి ముందిచ్చే పద్ధతి తగ్గించి, దరఖాస్తులకు మార్కులు వేయడం పెంచింది. వన్యప్రాణుల రాకపోకల దారుల్లో ఉన్న భూమికి, తాగునీటి ఊటలున్న భూమికి, వెనుకబడిన జిల్లాల్లోని భూమికి ఎక్కువ మార్కులు. అడిగినవారందరికీ ఇవ్వడానికి నిధిలో డబ్బు ఎప్పుడూ చాలలేదు. కాబట్టి ఎవరికి ఇవ్వాలన్న ఎంపికలో పొరపాటు జరిగితే దాని మూల్యం అడవే చెల్లిస్తుంది.

గొడ్డలి దగ్గరలో ఉన్నచోట డబ్బు ఇస్తే ఏం జరుగుతుంది? ఈ ప్రశ్నకు ఆఫ్రికాలోని ఉగాండా నుంచి గట్టి జవాబు వచ్చింది. ఆ దేశం పశ్చిమ భాగంలో హోయిమా, కిబాలే జిల్లాలున్నాయి. అక్కడి అడవి చాలావరకు రైతుల సొంతం. చింపాంజీలు తిరిగే అడవి అది. పిల్లల చదువు ఫీజుకో, ఆసుపత్రి ఖర్చుకో డబ్బు అవసరమైతే నాలుగు చెట్లు కలపకో బొగ్గుకో అమ్ముకోవడం అక్కడి కుటుంబాలకు అలవాటు. వాళ్లకు చెట్టే బ్యాంకు. మిగతా భూమి మెల్లగా సాగులోకి వెళ్తోంది.

ఆర్థికవేత్త సీమా జయచంద్రన్ బృందం అక్కడ 121 గ్రామాలను తీసుకుంది. లాటరీ తీసి 60 గ్రామాల్లో అటవీ యజమానులకు ఒక ఒప్పందం ఇవ్వజూపారు. రెండేళ్లపాటు చెట్లు కొట్టకపోతే హెక్టారుకు ఏటా 70 వేల ఉగాండా షిల్లింగులు. డాలర్లలో అది 28. మన డబ్బులో అప్పటి లెక్కకు పదిహేను వందల రూపాయలు. మిగిలిన 61 గ్రామాల్లో ఏ ఒప్పందమూ లేదు. చింపాంజీల సంరక్షణకు పనిచేసే స్థానిక సంస్థ మనుషులు మధ్యమధ్యలో అడవికి వెళ్లి చూసేవారు. చివర ఉపగ్రహ చిత్రాలతో లెక్క తీశారు. ఒప్పందం లేని గ్రామాల్లో చెట్ల విస్తీర్ణం 9.1 శాతం తగ్గింది. ఒప్పందం ఇచ్చిన గ్రామాల్లో తగ్గింది 4.2 శాతం. నరికివేత సగానికి పైగా తగ్గింది. ఒప్పందం చేసుకున్నవాళ్లు పక్క భూమిలోకి పోయి నరికారా అని వెతికితే అలాంటి ఆధారమేమీ దొరకలేదు. ఉద్గారాలు ఆలస్యం కావడం వల్ల ప్రపంచానికి కలిగిన మేలు, పెట్టిన ఖర్చుకు 2.4 రెట్లుగా తేలింది. 2017లో సైన్స్ పత్రికలో ఈ ఫలితాలు వచ్చాయి.

అందులోనే రెండు హెచ్చరికలూ ఉన్నాయి. అర్హులైన యజమానుల్లో మూడో వంతు మందే ఒప్పందంలో చేరారు. కొందరికి కబురే సరిగా అందలేదు. కొందరు తమ భూమి లాక్కోవడానికే ఎవరో ఈ వల పన్నారని భయపడ్డారు. భూమి విషయంలో ఒకసారి మోసపోయిన ఊరు కొత్త కాగితం మీద వేలిముద్ర వేయడానికి వెనకాడుతుంది. ఆ భయాన్ని కొట్టిపారేయడానికి వీల్లేదు. రెండో హెచ్చరిక, రెండేళ్ల డబ్బు రెండేళ్ల కాపలానే కొంటుంది. పథకం ముగిశాక కుటుంబం అవసరాలు ముగియవు. కోస్టారికా ఒప్పందాల కాలం క్రమంగా ఐదేళ్ల నుంచి పదేళ్ల వరకు పెరగడం వెనక ఉన్న వివేకం ఇదే.

భూమి కాగితం లేనివాళ్ల సంగతేమిటన్నది ఈ మొత్తం వ్యవహారంలో చాలా బరువైన ప్రశ్న. యజమానికి చెల్లిస్తే కౌలుదారు, కూలీ ఎక్కడికి పోవాలి? కోస్టారికాలో తొలి రోజుల్లో పక్కా పట్టా ఉన్నవాళ్లకే డబ్బు అందేది. పెద్ద కమతాలకు లాభం ఎక్కువ జరిగిందనే విమర్శ సరైనదే. తర్వాత హక్కు రుజువు నిబంధనలు సడలించారు. తలమాంకా కొండల్లో బతికే బ్రిబ్రి, కబేకార్ లాంటి ఆదివాసీ జనాలకు ఉమ్మడి భూమి మీదే ఒప్పందాలు చేశారు. వ్యక్తికి కాకుండా సమాజానికి డబ్బు వెళ్లింది. ఆడవాళ్ల పేరు మీద భూమి తక్కువ కాబట్టి వాళ్లకు ఒప్పందాలూ తక్కువే. ఆ లోటు తీర్చడానికి మహిళల దరఖాస్తులకు అదనపు మార్కులు వేసే పద్ధతి ఇటీవలి ఏళ్లలో వచ్చింది.

మన దగ్గర పరిస్థితి మరో రకం. భారతదేశంలో అడవి అత్యధిక భాగం ప్రభుత్వానిది. అందులో, దాని అంచుల్లో ఆదివాసీలు తరతరాలుగా బతుకుతున్నారు. కనుక అడవిని కాచే మనిషికి చెల్లించాలంటే పట్టాదారు పాసుపుస్తకం చూపమంటే సరిపోదు. 2006 అటవీ హక్కుల చట్టం ఆ దారి తెరిచింది. తమ సంప్రదాయ అడవిని కాపాడుకునే, నిర్వహించుకునే హక్కు గ్రామసభకు ఉందని ఆ చట్టం చెబుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లో పోడు భూములకు వ్యక్తిగత పట్టాలు ఇచ్చారు గానీ, ఊరి అడవి మీద ఉమ్మడి హక్కు పత్రం చేతికొచ్చిన గ్రామసభలు తక్కువే.

డబ్బు విషయంలో మాత్రం మన దేశం ప్రపంచం గమనించిన ఒక అడుగు వేసింది. ఆ అడుగు వెనక ఒక తెలుగువాడున్నారు. రిజర్వ్ బ్యాంకు మాజీ గవర్నర్ వై.వి. రెడ్డి అధ్యక్షతన పనిచేసిన 14వ ఆర్థిక సంఘం, కేంద్ర పన్నుల వాటాను రాష్ట్రాల మధ్య పంచే సూత్రంలో మొదటిసారి అడవికి 7.5 శాతం బరువు ఇచ్చింది. 2015 నుంచి 2020 వరకు అది అమలైంది. దట్టమైన, ఒక మోస్తరు దట్టమైన అడవి ఎక్కువ ఉన్న రాష్ట్రానికి ఆ మేరకు ఎక్కువ వాటా. అడవిని ఉంచుకోవడం వల్ల గనులు, పరిశ్రమలు, సాగు వదులుకున్న రాష్ట్రానికి పరిహారం దక్కాలన్నది దీని వెనక ఆలోచన. 15వ ఆర్థిక సంఘం ఆ బరువును 10 శాతానికి పెంచింది. ప్రపంచంలో అడవి పేరు మీద ప్రభుత్వం నుంచి ప్రభుత్వానికి ఇంత పెద్ద మొత్తం కదిలిన సందర్భాలు అరుదు. కానీ ఆ సొమ్మును అడవికే ఖర్చు పెట్టాలన్న షరతు లేదు. అది రాష్ట్ర ఖజానాలో కలుస్తుంది. పాడేరు కొండల్లోనో, ఉట్నూరు అడవిలోనో మంటలు ఆర్పే కుటుంబానికి అందులో వాటా అందే దారి ఇంకా వేయలేదు.

అటవీ భూమిని ప్రాజెక్టులకు తీసుకున్నప్పుడు కట్టించుకునే పరిహార నిధి మరొకటి ఉంది. 2019లో కేంద్రం ఆ నిధి నుంచి రాష్ట్రాలకు 47 వేల కోట్ల రూపాయలకు పైగా బదిలీ చేసింది. ఆ సొమ్ము నడిచే దారి అటవీ శాఖల గుండా, ఎక్కువగా కొత్త మొక్కల వైపు. నూరేళ్ల మానుల అడవి పోయినచోట వరసగా నాటిన మొక్కలు దానికి సాటి రావడానికి ఎన్ని తరాలు పడుతుందో అడవిలో పుట్టినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

కర్బనం పేరు మీద డబ్బు నేరుగా తెలుగు పల్లెకు చేరిన సందర్భమూ ఉంది. అప్పటి ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ అనే చిన్న గిరిజన గ్రామంలో మహిళా సంఘాలు కానుగ చెట్లు పెంచి, గింజల నుంచి నూనె తీశాయి. డీజిల్ బదులు ఆ నూనె వాడితే పదేళ్లలో 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుందని లెక్క వేశారు. 2003 అక్టోబరులో ప్రపంచ బ్యాంకు ఆ లెక్కకు 645 డాలర్లు చెల్లించింది. వాషింగ్టన్‌లో జరిగిన ఒక అంతర్జాతీయ సమావేశానికి ప్రతినిధుల ప్రయాణాల వల్ల వెలువడిన కర్బనానికి అది పరిహారం. మొత్తం చిన్నదే. అయినా ఆదిలాబాద్ అడవి పల్లెలోని ఆడవాళ్ల పేరు మీద అంతర్జాతీయ కర్బన లెక్కల్లో జమ పడింది. అరకు లోయలో నాంది సంస్థ ద్వారా ఐరోపా కంపెనీల డబ్బుతో గిరిజన రైతుల కాఫీ తోటల్లో, పండ్ల తోటల్లో లక్షల చెట్లు పెరిగాయి. ఆ చెట్లలో చేరే కర్బనం లెక్క పెట్టుబడి పెట్టిన కంపెనీలకు, చెట్లూ పళ్లూ రైతులకు. భూమి రైతు చేతిలోనే ఉంది కాబట్టి ఆ ఏర్పాటుకు ఊరి మద్దతు దొరికింది.

ఎప్పుడు చెల్లించాలన్నదీ ముఖ్యమేనని పంజాబ్ చూపించింది. 2019లో అక్కడ 171 గ్రామాల్లో వరి కొయ్యలు తగులబెట్టని రైతుకు ఎకరానికి ఇంత అని ఇవ్వజూపారు. తనిఖీ అయ్యాకే మొత్తం ఇస్తామన్నచోట మార్పు కనబడలేదు. కొంత భాగం ముందే చేతిలో పెట్టినచోట తగులబెట్టడం తగ్గింది. ప్రభుత్వ బకాయిల కోసం ఏళ్ల తరబడి తిరిగిన రైతు రేపు ఇస్తామన్న మాటను నమ్మి ఈరోజు ఖర్చు పెట్టడు. అడవి కాపలాకు డబ్బు ఇవ్వాలనుకునే ఏ రాష్ట్రమైనా ఈ పాఠాన్ని మొదటి పేజీలో రాసుకోవాలి.

రేపటి చిక్కులూ కనబడుతున్నాయి. కోస్టారికాలో కరోనా కాలంలో బండ్లు ఆగిపోతే ఇంధన పన్ను తగ్గి అడవి నిధి ఇబ్బంది పడింది. విద్యుత్ వాహనాలు పెరిగేకొద్దీ ఆ ఆదాయం ఇంకా తగ్గుతుంది. పెట్రోలు వాడకం తగ్గించాలన్న దేశమే పెట్రోలు పన్నుతో అడవిని కాస్తోంది, కాబట్టి అది కొత్త ఆదాయం వెతుక్కోక తప్పదు. 2025 నవంబరులో బ్రెజిల్‌లోని బెలెమ్‌లో జరిగిన వాతావరణ సదస్సు సందర్భంగా ఉష్ణమండల అడవుల కోసం ఒక శాశ్వత నిధి మొదలైంది. నిలబడి ఉన్న ప్రతి హెక్టారుకూ ఏటా దాదాపు 4 డాలర్లు ఆ దేశానికి ఇవ్వాలని, అందులో కనీసం ఐదో వంతు అడవిలో బతికే జనానికి చేరాలని దాని నియమం. 4 డాలర్లు చాలా తక్కువ. ఐదో వంతు జనానికే అన్న షరతు మాత్రం మన ఆర్థిక సంఘం సూత్రంలో లేనిది, ఉండవలసినది.

తెలుగు రాష్ట్రాల్లో ఈ పని మొదలుపెట్టడానికి కావలసినవి చాలా వరకు చేతిలోనే ఉన్నాయి. అడవి విస్తీర్ణాన్ని రెండేళ్లకోసారి కొలిచే నివేదిక దేహ్రాదూన్ నుంచి వస్తోంది. ఉపగ్రహ చిత్రాలను చదివే జాతీయ దూర సంవేదన కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. 1990ల నుంచి వన సంరక్షణ సమితుల్లో పనిచేసిన అనుభవం ఊళ్లకుంది. మహిళా సంఘాలకు బ్యాంకు ఖాతాలున్నాయి. అడవి పేరు మీద వచ్చే కేంద్ర వాటాలో ఒక చిన్న భాగాన్ని, ముందుగా పోడు ఒత్తిడి, మంటల ముప్పు ఎక్కువగా ఉన్న కొన్ని మండలాల గ్రామసభలకు, పదేళ్ల ఒప్పందంతో, మొదటి విడత ముందే ఇచ్చి చూడవచ్చు. ఉమ్మడి హక్కు పత్రాలు లేని గ్రామసభలకు ఆ పత్రాలు ఇవ్వడం దానికి మొదటి మెట్టు. రాబోయే బడ్జెట్ సమావేశాల్లో ఏ శాసనసభ్యుడైనా అడగదగిన ప్రశ్న ఇది. అడవి ఉన్నందుకు రాష్ట్రానికి ఈ ఏడాది ఎంత వచ్చింది, అడవిలో ఉన్నవాళ్లకు అందులో ఎంత చేరింది?